పదకొండు రోజులు, ఒక తాడు, వంద చింతపిక్కలు

(ప్రాథమిక ఉపాధ్యాయుల మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఒకటి, రెండు తరగతులు చెప్పేవాళ్లు ఎందరని ఇందాక అడిగితే సగం చేతులు లేచాయి. ఆ సగం మందిని దృష్టిలో పెట్టుకునే మాట్లాడతాను. పై తరగతులకు ఏది పనికొస్తుందో ఆ తరగతులు చెప్పేవాళ్లకు ఎలాగూ తెలుస్తుంది.

ఒక మూడో తరగతి పిల్లతో మొదలుపెడతాను. చాలా ఏళ్ల కిందటి మాట. ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. రాత్రంతా కూర్చుని నేనే ఒక పెద్ద చార్టు రాసి బడి గోడకు అంటించాను. పైన గిడుగు వారి బొమ్మ, కింద ఎర్ర స్కెచ్ పెన్నుతో ‘వ్యావహారిక భాషోద్యమ పితామహుడు’ అని. ప్రార్థన అయ్యాక ఆ పిల్ల చార్టు ముందు నిలబడి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ‘వ... య... వ్యా’ అంది. ‘వ్యావ... హా’ అని ఆగింది. మళ్లీ మొదటికి వెళ్లింది. మూడోసారి వేలు తీసేసి, బొమ్మ వైపు చూసి, ‘మాస్టారూ, ఈ తాతగారు ఎవరు?’ అని అడిగింది.

నాకు నోట మాట రాలేదు. జనం మాట్లాడుకునే మాటలోనే పుస్తకాలు ఉండాలని జీవితమంతా పోరాడిన మనిషి ఆయన. ఆయన బొమ్మ కింద నేను రాసిన వాటిలో ఆ పిల్ల నోట్లో ఆడే మాట ఒక్కటీ లేదు. ఆ సాయంత్రమే చార్టు తీసేశాను. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో ఒక పుట రాశాను. అది ఇదిగో, చదువుతాను.

‘ఆగస్టు 29. ఇది గిడుగు రామ్మూర్తి పుట్టినరోజు. ఆయన 1863లో పుట్టారు. ఊరు పర్వతాలపేట. ఊరి పక్కన వంశధార నది. ఆయన పెరిగి మాస్టారు అయ్యారు. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పారు. అక్కడ కొండల మీద సవరలు ఉంటారు. వాళ్ళ మాట వేరు. ఆ మాట మాస్టారికి రాదు. మరి ఏమి చేశారు?’

అక్కడ పుట అయిపోతుంది. జవాబు వెనక వైపు ఉంది. ‘ఒక సవర మనిషిని ఇంటికి పిలిచారు. ఆయన దగ్గర సవర మాటలు నేర్చుకున్నారు.’

చూడటానికి ఏముంది ఇందులో అనిపిస్తుంది. రాయడానికి నాకు రెండు గంటలు పట్టింది. రెండు వైపులా వెదికితే సంయుక్తాక్షరం ఉన్న మాటలు ఆరే ఉన్నాయి. రామ్మూర్తి, పర్వతాలపేట, పర్లాకిమిడి పేర్లు కాబట్టి మార్చలేం. ఆగస్టు, మాస్టారు పిల్లల నోట రోజూ ఆడేవే. మిగిలింది ‘నేర్చుకున్నారు’ అన్న మాట. ఆ ఒక్క ‘ర్చు’ కోసం నల్లబల్ల దగ్గర అయిదు నిమిషాలు ఖర్చు పెట్టవచ్చు. తక్కినవన్నీ ద్విత్వాలు, గుణింతాలు. వాక్యానికి నాలుగైదు మాటలకు మించి లేవు. ఇక ఆ ప్రశ్న దగ్గర పుట ఆపడం ఎందుకంటారా? మర్నాడు చూడవలసింది. ‘మరి ఏమి చేశారు’ దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లా చెప్పకుండానే కాగితం తిప్పింది. చదువు రావడం అంటే నాకు తెలిసి ఆ చెయ్యి తిరగడమే.

గిడుగు వారి గురించి మనకు మనం కొంచెం చెప్పుకోవాలి. ఆయన్ను భాషావేత్తగానే చూసి, చరిత్ర మాస్టారు అన్న సంగతి మరిచిపోతాం. పర్లాకిమిడి రాజావారి బడిలో చరిత్ర చెప్పేవారు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. బడికి వచ్చే పిల్లల్లో సవరలు ఎందుకు లేరన్న ప్రశ్న ఆయన్ను పట్టుకుంది. సవర భాష తెలుగు కుటుంబానిది కాదు, ముండా కుటుంబానిది. సవర పిల్లవాడికి మన ‘అ అమ్మ’ ఒక పరాయి చప్పుడు. అందుకని ఆ భాష నేర్చి, వాళ్ల పాటలు, కథలు సేకరించి, వాళ్ల కోసం వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అప్పటికి ఆయనకు డెబ్భై అయిదేళ్లు. మరో రెండేళ్లకు, 1940 జనవరి 22న, కన్నుమూశారు. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో, ప్రాథమిక తరగతులకు వాచకాలు వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఈ చరిత్ర మాస్టారే.

అసలు తేదీలు ఎందుకు, మంచి కథ చెబితే చాలదా అని మీలో కొందరికి అనిపిస్తూ ఉండవచ్చు. దానికి నా జవాబు పిల్లల ఇళ్లలో ఉంది. మన పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఒక్క పుస్తకం కూడా ఉండదు. కానీ క్యాలెండరు ఉంటుంది. వంటింటి తలుపు పక్కన మేకుకు వేలాడుతూ, తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అచ్చయి ఉంటాయి. పైన పెన్నుతో పాల లెక్క, చీటీ కట్టిన రోజు, గ్యాస్ బండ వచ్చిన రోజు రాసి ఉంటాయి. చదువు రాని అమ్మ కూడా ఏ గడి అమావాస్యో వేలు పెట్టి చూపిస్తుంది. ఆ ఇంట్లో అందరూ చూసే అచ్చు కాగితం అదొక్కటే. బడిలో చదివిన పుటకు ఆ గడిలో చోటు దొరికితే చదువు ఇంట్లోకి వెళ్లినట్టే. అందుకే నేను ఇచ్చే ప్రతి పుట తేదీతో మొదలవుతుంది. ఇంటికి వెళ్లి ఆ గడి చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి రావాలి, ఇంట్లో ఒకరికి ఆ పుట చదివి వినిపించాలి. ఇదే ఇంటిపని. వేరే ఇంటిపని ఇవ్వను.

ఏడాది పొడవునా దినోత్సవాలు ఉంటాయి. అన్నీ జరపబోతే ఒక్కటీ పిల్లలకు అందదు. నా సలహా ఒకటే. ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 దాకా ఉన్న పదకొండు రోజులను పట్టుకోండి. గిడుగు వారి పుట్టినరోజుతో మొదలై అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవంతో ముగుస్తాయి. మధ్యలో సెప్టెంబరు 5 ఎలాగూ బడిలో పండుగే. రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టారు, 1962 నుంచి ఆ రోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు పెద్ద పిల్లలు మాస్టార్లుగా వేషం వేసుకుంటారు కదా, అయిదో తరగతి పిల్లల చేత ఒకటో తరగతికి నిజంగానే ఒక పుట చదివించండి. అంతకు మించి ఆ రోజు గురించి నేను చెప్పేది లేదు.

సెప్టెంబరు 1 గురించి మాత్రం చెప్పాలి. 1901లో ఆ రోజున హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకానికి నీడ దొరకడమే కష్టమైన రోజుల్లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు, రావిచెట్టు రంగారావు గారు కలిసి నిలబెట్టిన గ్రంథాలయం అది. దానికి జతగా మా డెల్టా పిల్లలకు నేను చెప్పే సంగతి పడవ గ్రంథాలయం. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర నుంచి పెదవడ్లపూడి దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. ఇది చెప్పి ఊరుకోకుండా, పాత నోటు పుస్తకం కాగితాలతో పడవలు చేయిస్తాను. మడిచే ముందు ప్రతి కాగితం మీద లోపలి వైపు ఒక వాక్యం. నీళ్ల పళ్లెంలో పడవ ఎవరి ఒడ్డుకు వస్తే వాళ్లు విప్పి చదవాలి. తడిసిన అక్షరాన్ని పోల్చుకోవడానికి రెండు తలలు ఒక కాగితం మీద వంగుతాయి. అంత శ్రద్ధగా వాచకం మీద వంగగా నేను చూడలేదు.

ఇప్పుడు తాడు. బజారులో పురికొస ఉండ ఒకటి కొనండి, బట్టలకు పెట్టే క్లిప్పులు పాతిక కొనండి. పదేళ్లకు ఒక జాన చొప్పున ముళ్లు వేయండి. జానంటే తొమ్మిది అంగుళాలు. 1863 నుంచి ఈనాటికి పదహారు జానల పైచిలుకు వస్తుంది, అంటే పన్నెండు అడుగులు. తరగతి గది గోడకు సరిపోతుంది. దాని మీద ముందుగా పిల్లలు తమ పుట్టిన ఏడు కట్టాలి, తర్వాత అమ్మది, ఆ తర్వాత మనం చదివిన పుటలు. 1901, 1935, 1953, 1956, 2014, ఒక్కొక్కటీ తన చోటికి వచ్చి కూర్చుంటుంది. పిల్లలకు 1901కీ 1091కీ తేడా అంకెల్లో అందదు. తాడు మీద అందుతుంది.

అయిదో తరగతి పిల్లలకు ఒకసారి కలమళ్ల శాసనం చెప్పాను. కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల అనే ఊరు, అక్కడి చెన్నకేశవాలయం ఆవరణలో దొరికిన రాయి. రేనాటిని ఏలిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించినది, క్రీస్తు శకం 575 ప్రాంతం నాటిది. పూర్తిగా తెలుగులో ఉన్న శాసనాల్లో మనకు దొరికినంతలో ఇదే మొదటిది. ‘ఇది తాడు మీద ఎక్కడ కట్టాలి?’ అని ఒక పిల్లవాడు అడిగాడు. లెక్క వేశాం. 1863 ముడి నుంచి ఇంకా 129 జానలు వెనక్కి, ఇంచుమించు 97 అడుగులు. పురికొస పట్టుకుని బయలుదేరాం. గది దాటింది, వరండా దాటింది, చెయ్యి కడుక్కునే కుళాయి దాటింది, గేటు దగ్గరికి వెళ్లింది. గేటు ఊచకు క్లిప్పు పెట్టి, శాసనం ఫోటో తగిలించాం. పిల్లలు గేటు దగ్గర నిలబడి తమ గది వైపు ఎంతసేపు చూశారో! ఆ ఫోటోలోని అక్షరాలు వాళ్లకు ఒక్కటీ రాలేదు. ‘ఇది తెలుగేనా?’ అన్నారు. తెలుగేనని చెప్పాను. అయితే మనం ఇవాళ రాసేది కూడా ఇంకో తాడంత దూరం వెళ్తే ఎవరికీ రాదేమో అని ఒక అమ్మాయి అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఉండనక్కర్లేదు కూడా.

ప్రతి ఊరికీ శాసనం ఉండదు. శిలాఫలకం ఉంటుంది. మన బడి గోడకే ఉంటుంది. నీళ్ల ట్యాంకుకు, పంచాయతీ ఆఫీసుకు, రామాలయానికి ఉంటుంది. తెల్లకాగితం దాని మీద అదిమి పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దితే అక్షరాలు లేస్తాయి. పిల్లలకు అదొక మాయ. ఒకసారి నాలుగో తరగతి పిల్లలు బడి ఫలకం ఇలా రుద్ది తెచ్చి ‘కరకమలములచే’ దగ్గర ఆగిపోయారు. తామరపువ్వుల్లాంటి చేతులని చెప్పాక ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. అసలు తగువు తేదీ దగ్గర వచ్చింది. శంకుస్థాపన ఒక ఏడు, ప్రారంభోత్సవం రెండేళ్ల తర్వాత. బడి పుట్టినరోజు ఏది? హెడ్మాస్టరు గారి గదిలో పాత అడ్మిషన్ రిజిస్టరు తీయించాం. అందులో మొదటి పేరు శంకుస్థాపన కంటే పదకొండేళ్ల ముందుది. అంటే భవనం లేకముందే బడి ఉంది. ఎక్కడ ఉంది? ఊళ్లో పెద్దవాళ్లను అడిగి వచ్చారు, వేపచెట్టు కిందట. మూడు తేదీల్లో ఏది సరైనదో నేను చెప్పలేదు. మూడూ తాడు మీద కట్టారు, పక్కన ‘ఎలా తెలిసింది’ అన్న చీటీతో. ఫలకం మీది రెండింటికి ‘రాయి చెప్పింది’, రిజిస్టరు తేదీకి ‘పుస్తకం చెప్పింది’, వేపచెట్టుకు ‘తాత చెప్పాడు’. ఈ చీటీ తప్పనిసరిగా పెట్టించండి. అది లేకపోతే తేదీ మళ్లీ బట్టీ పట్టే వస్తువు అయిపోతుంది.

సెప్టెంబరు 8కి వస్తాను. 1965లో ఆ రోజున టెహరానులో ప్రపంచ దేశాల విద్యామంత్రులు నిరక్షరాస్యత మీద సమావేశమయ్యారు. మరుసటి ఏడు యునెస్కో ఆ రోజును అక్షరాస్యతా దినంగా ప్రకటించింది, 1967 నుంచి జరుపుతున్నారు. ఆ రోజుకు నా సామగ్రి వంద చింతపిక్కలు. అష్టాచెమ్మాకు చేసినట్టే ఒక వైపు గచ్చు మీద అరగదీసి తెల్లగా చేయండి. నేల మీద వందా పరిచి, ఇది మన దేశం అని చెప్పండి. తెల్లవైపు పైకి ఉంటే చదువు వచ్చినట్టు. 1951 జనగణన ప్రకారం వందలో పద్దెనిమిది. పిల్లలే తిప్పాలి. పద్దెనిమిది తెల్లగా, ఎనభై రెండు నల్లగా. 1991కి యాభై రెండు. 2011కి డెబ్భై నాలుగు. మధ్యలో వయసు లెక్క కొంచెం మారిందని మీకు తెలుసు, పిల్లలకు ఆ తేడా అక్కర్లేదు. చివరికి ఇరవై ఆరు నల్లపిక్కలు మిగులుతాయి. వాటిని డబ్బాలో వేయకండి, అక్కడే ఉండనివ్వండి. వాళ్లు ఎవరు అన్న ప్రశ్న పిల్లలే అడుగుతారు, జవాబు వాళ్ల ఇళ్లలోనే ఉంటుంది.

పెద్ద పిల్లలకు ఆ రోజు నేను చెప్పే చరిత్ర నెల్లూరు జిల్లాది. మనలో కొందరు స్వయంగా చూసినది కూడా. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. పగలంతా కూలికి వెళ్లిన ఆడవాళ్లు రాత్రి దీపాల కింద పలకలు పట్టుకున్నారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారా వల్ల చితికిపోయిన ఒక ఇంటి కథ. అక్షరం కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివిన ఆడవాళ్లకు అది తమ ఇంటి సంగతే అనిపించింది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఒక్కటై ఊళ్లో సారా దుకాణం మూయించారు. రోశమ్మ గారి పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. దూబగుంటలో జరిగినది తర్వాతి వాచకంలో పాఠమై మిగతా ఊళ్లకు వెళ్లింది. 1992లో ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

మిత్రులారా, దీని గురించి నేను ఇన్నేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ వాచకం రాసినవాళ్లు పెద్ద పెద్ద మాటలు వాడలేదు. చదివేవాళ్ల ఇంట్లో ఉన్న దుఃఖాన్ని వాళ్లకు వచ్చిన అక్షరాల్లో పెట్టారు. మనం పిల్లలకు రాసే పుటకు అంతకంటే మంచి నమూనా ఎక్కడ వెదుకుతాం? సారా సంగతి పిల్లలకెందుకని ఒక తల్లి నన్ను అడిగింది. నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు అది తెలియని సంగతి కాదమ్మా, ఎదిరించిన వాళ్లు ఉన్నారన్నదే తెలియదు అన్నాను. ఆ పుట తరగతిలో చదివించడం మానలేదు. ఇంకో సంగతి, అక్టోబరు 1 గడిలో రెండు పుటలు పడతాయి. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది కూడా ఆ రోజే. ఒకే తేదీ, నలభై ఏళ్ల తేడా, నాలుగు జానల దూరం. చదివి పోల్చడానికి ఇంతకంటే ఏమి కావాలి?

దుకాణంలో అమ్మే చార్టుల గురించి ఒక్క మాట. కొనవద్దని అనను. కొన్నది గోడకు ఎక్కించే ముందు మీ తరగతిలో అందరికంటే నెమ్మదిగా చదివే పిల్లను పిలిచి, దాని ముందు నిలబెట్టి, వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి. వేలు ఆగిన ప్రతి చోటా మాట మార్చి మీరే ఒక పుట రాయండి. అలాగే వక్తృత్వ పోటీలకు ఎవరో రాసిచ్చిన రెండు పుటలు పిల్లల చేత బట్టీ పట్టించి చప్పట్లు కొట్టించడం ఆపాలని చేతులు జోడించి అడుగుతున్నాను. ఆ చప్పట్ల చప్పుడులో, ఆ పిల్లకు చదవడం రాదన్న సంగతి మనకు అయిదో తరగతి దాకా తెలియడం లేదు.

చివరగా ఒక పిల్లవాడి పుట చదువుతాను. దివిసీమలో పనిచేసినప్పటిది. సెప్టెంబరు 8 కోసం ‘మా ఇంట్లో చదువు’ అని రాసుకు రమ్మన్నాను. వాడు అయిదో తరగతి. తప్పులు దిద్దలేదు, తప్పులు పెద్దగా లేవు కూడా.

‘మా నాయనమ్మ పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. ఆధార్ కార్డు మీద జనవరి 1 అని ఉంది. అది నిజం కాదని నాయనమ్మ చెప్పింది. 1977 నవంబరు 19 శనివారం ఉప్పెన వచ్చింది. అప్పుడు మా పెద్దనాన్న చంకలో పిల్లాడు. నాయనమ్మకు ఇరవై ఏళ్లు ఉండవచ్చు. నేను తాడు మీద ఉప్పెన దగ్గర నుంచి రెండు జానలు వెనక్కి వెళ్లి నాయనమ్మను కట్టాను. ఎలా తెలిసింది: ఉప్పెన చెప్పింది. నాయనమ్మకు చదువు రాదు. పింఛను కాగితం మీద వేలిముద్ర వేస్తుంది. నిన్న రాత్రి నా పలక మీద తన పేరు రాసింది. తన పేరులో ఒక ఒత్తు ఉంది. అది కింద పెట్టాలి. నాయనమ్మ పక్కన పెట్టింది. నేను చెరపలేదు. పలక తెచ్చాను మాస్టారూ, చూడండి.’